క్యాన్సర్‌తో చిన్న వయసులోనే పోయిన సంగీతకారుల పేరిట సహాయ కచేరీ: ఎలా పెట్టాలి?

"మా శిష్యురాలు పోయింది. ఆమె పేరు మీద ఒక కచేరీ పెట్టి, వచ్చిన డబ్బు క్యాన్సర్ రోగులకు ఇవ్వాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?" సంగీతం నేర్పే గురువులు, కాలేజీ బ్యాండు మిత్రులు, అక్కలు, అన్నయ్యలు, అమెరికాలో ఉన్న బాబాయిలు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో చాలామంది హాలు దగ్గర మొదలుపెడతారు. రవీంద్రభారతి దొరుకుతుందా, త్యాగరాయ గానసభ సరిపోతుందా అని. హాలు సంగతి తర్వాత. ముందు ఇంట్లోవాళ్ల మనసు తెలుసుకోవాలి, ఆ తర్వాత డబ్బు ఎవరి ఖాతాలో పడి ఎవరికి చేరుతుందో తేల్చుకోవాలి. ఈ రెండూ తేలకుండా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.

మూడు నాలుగు వందల మంది పట్టే హాలు, రెండున్నర గంటల కచేరీ అనుకుని ఇది రాస్తున్నాను. కర్ణాటక సంగీతమైనా, సినిమా పాటల ఆర్కెస్ట్రా అయినా పద్ధతి దాదాపు ఒకటే. తేడా ఉన్నచోట చెబుతాను.

ముందుగా కావలసినవి

- కనీసం రెండు నెలల టైము. మూడు నెలలుంటే ఇంకా నయం.
- ఐదుగురు మనుషులు: డబ్బు లెక్కకు ఒకరు, కళాకారులతో మాట్లాడడానికి ఒకరు, హాలు–సౌండుకు ఒకరు, టికెట్లు–గేటుకు ఒకరు, ఆ రోజంతా కుటుంబం పక్కన ఉండడానికి ఒకరు. అమ్మానాన్నలను, తోబుట్టువులను ఈ ఐదుగురిలో లెక్కపెట్టకండి.
- సాయం అందుకోబోయే సంస్థ లెటర్‌హెడ్ మీద అంగీకార పత్రం.
- పోయినవారి రికార్డింగులు, ఫొటోలు, కుటుంబం ఒప్పుకున్నవి మాత్రమే.
- ఖర్చులు భరించే ఒకరిద్దరు దాతలు.

1. ఇంట్లోవాళ్లతో కూర్చోండి

ఫోన్లో కాదు, ఇంటికి వెళ్లండి. అడగాల్సిన మొదటి ప్రశ్న: అసలు ఇది మీకు ఇష్టమేనా? మొహమాటానికి "మీ ఇష్టం బాబూ" అన్నారంటే ఒప్పుకున్నట్టు కాదు. ఓ వారం ఆగి మళ్లీ అడగండి.

తేదీ విషయంలో పెద్దవాళ్ల మాట వినాలి. ఏడాది లోపు మాసికాలు, ఆ తర్వాత సంవత్సరీకం ఉంటాయి. ఇవి తిథి ప్రకారం జరుగుతాయి, ఇంగ్లిషు తేదీతో కలవవు. వర్ధంతి అనుకుని మీరు పెట్టిన ఆదివారమే వాళ్లింట్లో తద్దినం పడితే ఎవరూ రాలేరు. ఏడాది తిరగకుండా సభలకు వెళ్లని కుటుంబాలూ ఉన్నాయి. నా సలహా అడిగితే, పుట్టినరోజుకు దగ్గర్లో ఉన్న ఆదివారం మంచిది. ఆ రోజు ఇంట్లో ఉండే వెలితి కచేరీ పనిలో కొంత సర్దుకుంటుంది, తద్దినంతో గొడవా ఉండదు.

బయటికి ఏం చెప్పొచ్చో కూడా అప్పుడే తేల్చుకోండి. ఏ క్యాన్సరో చెప్పొచ్చా? ఏ ఆసుపత్రో చెప్పొచ్చా? ఏ ఫొటో వాడాలి? ఆసుపత్రి మంచం మీది ఫొటోలు, కీమోతో జుట్టు రాలిన ఫొటోలు పోస్టరుకు ఎక్కించకండి. ఎక్కువ విరాళాలు వస్తాయని కొందరు నచ్చజెబుతారు, వినకండి. కచేరీ చేస్తున్నప్పటి ఫొటో పెట్టండి. వేదిక మీది ఫొటోకు దండ వేయాలా, బొట్టు పెట్టాలా అన్నది కూడా అమ్మనే అడగాలి. బిడ్డ ఫొటోకు దండ చూడలేని తల్లులుంటారు.

చివరగా, కుటుంబం తరఫున మాట చెప్పేది ఎవరో ఒక్కరి పేరు రాసుకోండి. తర్వాత ఏ సందేహం వచ్చినా ఆ ఒక్కరినే అడగాలి.

2. డబ్బు ఎవరికి, దేనికి?

"క్యాన్సర్ రోగుల సహాయార్థం" అన్న మాట సరిపోదు. ఏ సంస్థకు, ఏ పనికి అన్నది టికెట్ మీద ఉండాలి.

అర్హత ఉన్న కుటుంబాలకు ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఖర్చు చాలావరకు ఆరోగ్యశ్రీలాంటి ప్రభుత్వ పథకాల్లో గడుస్తుంది. గడవనివి మిగతావి: రేడియేషన్‌కు వారాల తరబడి ఊళ్లో ఉండాలంటే గది అద్దె, బస్సు ఛార్జీలు, తోడుగా వచ్చిన మనిషి పోగొట్టుకునే కూలి, తిండి. లక్ష, రెండు లక్షలు వసూలయ్యే కచేరీకి ఇలాంటి ఖర్చులే సరైన చోటు. పెద్ద యంత్రం కొనే నిధిలో ఆ మొత్తం కలిసిపోతుంది, పది కుటుంబాల బసకైతే నేరుగా పనికొస్తుంది.

హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, బంజారాహిల్స్‌లోని బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నంలో టాటా మెమోరియల్ ఆధ్వర్యంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అందరికీ తెలిసినవే. చివరి దశ రోగుల నొప్పి తగ్గించి, చివరిదాకా చూసుకునే స్పర్శ్ హాస్పిస్ లాంటివీ ఉన్నాయి. పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు చికిత్స సాగినన్నాళ్లూ ఉచితంగా బస ఇచ్చే సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ కూడా చూడండి. సంస్థ ఏదైనా సరే, వెళ్లి అక్కడి అధికారితో మాట్లాడి, "ఫలానా పనికి తీసుకుంటాం, రసీదు ఇస్తాం" అని రాతపూర్వకంగా తీసుకోండి.

ఒక సున్నితమైన విషయం. వైద్యానికి చేసిన అప్పుల్లో ఆ కుటుంబమే మునిగి ఉండొచ్చు. అలా ఉంటే వసూలైన దాంట్లో కొంత వాళ్లకు ఇవ్వడంలో తప్పేమీ లేదు. కాకపోతే దాచకూడదు. "సగం కుటుంబానికి, సగం ఫలానా సంస్థకు" అని టికెట్ మీదే వేయండి. అలా పేరు పడడం వాళ్లకు ఇష్టం లేకపోతే, ఆ సాయం దగ్గరివాళ్లు విడిగా చేయాలి, కచేరీ డబ్బుతో కాదు.

3. డబ్బు వచ్చే దారి

ఎక్కువ అపార్థాలు ఇక్కడే పుడతాయి. ఒక స్నేహితుడి సొంత ఫోన్‌పే నంబరు పోస్టరు మీద వేస్తారు. అతను నిజాయితీపరుడే. కానీ అదే ఖాతాలో అతని జీతం పడుతుంది, ఈఎంఐ పోతుంది. నెల తిరిగేసరికి కచేరీ డబ్బు ఎంతో అతనికే తెలియదు. సొంత ఖాతా ఎవరిదీ వాడకండి.

మేలైన పద్ధతి: విరాళాలు నేరుగా సంస్థ ఖాతాకే. వాళ్ల క్యూఆర్ కోడ్ పోస్టరు మీద వేసి, పంపేటప్పుడు పోయినవారి పేరు నోట్‌లో రాయమనండి. టికెట్ల డబ్బు తన ఖాతాలో తీసుకుంటూ కచేరీకి ఆతిథ్యం ఇవ్వమని రిజిస్టరైన సంగీత సభ దేన్నయినా అడగండి. మీ ఊళ్లో సభ ఉంటే వాళ్లకు ఖాతా, పాన్, ఆడిటర్ అన్నీ ఉంటాయి. ఈ ఒక్క కచేరీ కోసం కొత్త ట్రస్టు పెట్టే పని మొదటి ఏడాదే ఎత్తుకోకండి. దస్తావేజు, పాన్, ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్ల చుట్టూ తిరగడంలో పుణ్యకాలం గడిచిపోతుంది.

సరిచూసుకోవడం ఇలా: పోస్టరు ప్రింటుకు ఇచ్చే ముందు, ముగ్గురి ఫోన్ల నుంచి, మూడు వేర్వేరు యాప్‌లతో పది రూపాయలు పంపండి. స్క్రీన్ మీద సంస్థ పేరే కనిపించాలి. ఆ పది రూపాయలు చేరాయని సంస్థ వాళ్లు చెప్పాలి. ప్రింటయిన పోస్టరు మీద కూడా మళ్లీ ఒకసారి స్కాన్ చేయండి. క్యూఆర్ మరీ చిన్నదైపోయినా, దాని మీద డిజైన్ పడినా పనిచేయదు.

పన్ను మాటలు మూడు:

- ఆదాయపు పన్నులో 80జి రాయితీ విరాళానికే, టికెట్‌కు కాదు. నగదుగా ఇచ్చింది 2,000 రూపాయలు దాటితే ఆ రాయితీ రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఈ రాయితీయే లేదు. అందరికీ "80జి వస్తుంది" అని మైకులో చెప్పకండి.
- సంగీత కచేరీ ప్రవేశ రుసుము మనిషికి 500 రూపాయలు దాటకపోతే జీఎస్టీ మినహాయింపు ఉంది. అంతకు మించితే ఆతిథ్య సభ ఆడిటర్‌ను అడగండి.
- విదేశాల నుంచి వచ్చే డబ్బు విషయంలో చాలా జాగ్రత్త. అమెరికా పౌరసత్వం తీసుకున్న బాబాయి పంపేది, ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం ప్రకారం విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఉన్న ఖాతాలోకే తీసుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేదానికి ఈ చట్టం అడ్డు రాదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి తీసిపెట్టుకుంటే చాలు.

4. ఖర్చు లెక్క ముందే రాయండి

హాలు అద్దె, డిపాజిట్, సౌండు, లైట్లు, వీడియో, పోస్టర్లు, పాటల లైసెన్సు, కళాకారుల ప్రయాణం, బస, టిఫిన్లు, మంచినీళ్లు, పూలు. ఉదాహరణకు అన్నీ కలిపి 90,000 అయిందనుకుందాం. 300 రూపాయల టికెట్లు 250 అమ్మితే వచ్చేది 75,000. అంటే హాలు దాదాపు నిండినా రోగులకు రూపాయి మిగల్లేదు, పైగా 15,000 ఎదురు పెట్టాలి.

అందుకే ఖర్చులకు వేరే దాతలను చూసుకోవాలి. "సౌండు ఖర్చు మీరు పెట్టుకోండి, వీడియో ఖర్చు మీరు" అని పని పేరు చెప్పి అడిగితే జనం త్వరగా ఒప్పుకుంటారు. అప్పుడు "టికెట్ డబ్బు మొత్తం రోగులకే" అని ధైర్యంగా వేయొచ్చు. ఆ వాక్యం నిజం కాకపోతే మాత్రం వేయకండి. "ఖర్చులు పోను మిగిలింది" అని వేస్తే ఎవరూ తప్పుపట్టరు.

కళాకారులు చాలామంది పారితోషికం వద్దంటారు. పెద్ద విద్వాంసులకు అది పెద్ద మాట కాదు. పక్కవాద్యాల వాళ్లకు, కీబోర్డు, ప్యాడ్స్ వాయించేవాళ్లకు ఆ ఆదివారం సంపాదనతోనే ఇల్లు గడుస్తుంది. వాళ్లు వద్దన్నా ప్రయాణ ఖర్చు కవరులో పెట్టి ఇవ్వండి.

5. హాలు, అనుమతులు

హాలు చిన్నదే ఎంచుకోండి. నాలుగు వందల మంది వెయ్యి కుర్చీల హాల్లో కూర్చుంటే ఖాళీ కుర్చీలే కనిపిస్తాయి. కుటుంబం అది చూస్తుంది. హైదరాబాద్‌లో చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం, విశాఖలో కళాభారతి లాంటివి కచేరీలకు అలవాటైన చోట్లు. పదో తరగతి, ఇంటర్ పరీక్షల రోజులు వదిలేయండి.

స్థానిక పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా చెప్పి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఆరుబయట పెడితే మైకు అనుమతి విడిగా తీసుకోవాలి, రాత్రి 10 గంటలకల్లా ఆపాలి. వానాకాలంలో ఆరుబయట వద్దు.

6. పాటల హక్కులు

"సేవ కోసమే కదా, లైసెన్సు ఎందుకు?" అంటారు. ఔత్సాహికుల బృందం టికెట్ లేకుండా పాడితే కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. టికెట్ పెడితే, డబ్బు ఆసుపత్రికే వెళ్లినా, ఆ మినహాయింపు వర్తించదు. సినిమా పాటలు పాడుతుంటే, పాటల రచయితలు, స్వరకర్తల తరఫున హక్కు రుసుము వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ నుంచి కచేరీ లైసెన్సు ముందే తీసుకోండి. రికార్డెడ్ ట్రాక్ మీద పాడితే ఆ రికార్డింగు హక్కులు వేరే, వాటి సంగతీ చూసుకోవాలి.

త్యాగరాజు, క్షేత్రయ్యలకు ఈ బెడద లేదు. రచయిత పోయిన 60 ఏళ్ల వరకే హక్కు ఉంటుంది. అన్నమయ్య దగ్గర మాత్రం చూసుకోవాలి. సాహిత్యం అయిదు వందల ఏళ్ల నాటిదే అయినా, ఇప్పుడు మనం పాడే చాలా వరుసలు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి ఇరవయ్యో శతాబ్దం వారు కట్టినవి. రాళ్లపల్లి వారు 1979లో, నేదునూరి వారు 2014లో పోయారు. పాటల జాబితాలో వరుస కట్టినవారి పేరు కూడా రాసి లైసెన్సుకు పంపండి.

7. కార్యక్రమం వరుస

ఇలాంటి కచేరీలు సౌండు బాగాలేక చెడిపోవడం తక్కువ. ప్రసంగాలు, సన్మానాలతో చెడిపోవడమే ఎక్కువ. ఆరింటికి మొదలని వేస్తారు. ముఖ్య అతిథి ఏడింటికి వస్తారు. జ్యోతి ప్రజ్వలన, తొమ్మిది మంది ప్రసంగాలు, ప్రతి ఒక్కరికీ శాలువా, జ్ఞాపిక, ఫొటో. పాట మొదలయ్యేసరికి ఎనిమిది. చివర్లో ఆ అమ్మాయి శిష్యులు పాడాల్సిన పాట ఎగిరిపోతుంది. పోయింది సంగీతకారిణి. ఆ సాయంత్రం ఆమెకు చెందాల్సింది సంగీతం.

నేను సూచించే వరుస:

- సరిగ్గా 6:00. ప్రార్థన, దీపం. దీపం అమ్మానాన్నలో ఎవరో, గురువుగారో వెలిగించాలి. అతిథి రాకపోయినా మొదలుపెట్టండి. ఈ మాట ఆహ్వానం ఇచ్చేరోజే వినయంగా చెప్పేయండి.
- 6:05. పోయినవారి రికార్డింగు ఒకటి, మూడు నాలుగు నిమిషాలది, మొత్తం. ముక్కలు ముక్కలుగా కత్తిరించి, మీద బాధాకరమైన నేపథ్య సంగీతం కలిపిన వీడియోలు వద్దు. ఆమె వాయించిందే వినిపించాలి.
- 6:10. గురువు, స్నేహితుడు, వైద్యుడు లేదా సంస్థ ప్రతినిధి. ముగ్గురే, మనిషికి మూడు నిమిషాలు. సంస్థ ప్రతినిధి ఈ డబ్బు ఏం చేస్తుందో చెబితే చాలు.
- 6:20 నుంచి కచేరీ. ముందు శిష్యులు, తోటివాళ్లు, తర్వాత ప్రధాన కళాకారులు. పిల్లలను చివరికి పెడితే నిద్రమొహాలతో పాడతారు.
- 8:25. దాతలందరికీ కలిపి ఒకేసారి కృతజ్ఞతలు, మంగళం.

శాలువాలు పూర్తిగా మానేయండి. ఆ డబ్బు ఎంతో లెక్కేసి సంస్థకు ఇచ్చామని మైకులో ఒక్కమాట చెబితే, శాలువా అందని పెద్దమనిషి కూడా నొచ్చుకోరు.

యాంకర్‌కు రాతప్రతి ఇవ్వండి. ఎవరి దగ్గర నేర్చుకుంది, ఏ రాగం ఇష్టం, ఎక్కడెక్కడ వాయించింది, ఇవి ఉండాలి. చివరి రోజుల వర్ణన ఒక్క వాక్యం కూడా వద్దు. ముందు వరుసలో అమ్మ ఉంటుంది.

ఆమె వాద్యాన్ని వేదిక మీద పెట్టాలని చాలామంది అనుకుంటారు. కుటుంబం ఇస్తే పెట్టండి. వయొలిన్ అయితే పెట్టె తెరిచి, అందులోనే, కమాను వెంట్రుకలు వదులు చేసి ఉంచండి. ఏసీ గాలి నేరుగా తగలకూడదు, లైటు కింద పెట్టకూడదు. పక్కన ఒక మనిషి ఉండాలి. "ఒక్కసారి శ్రుతి చూస్తాను" అని ఎవరో తీస్తారు.

పాత రికార్డింగుతో కలిపి ఇప్పటివాళ్లు వాయించాలనుకుంటే, ముందు శ్రుతి కొలవండి. ఫోన్లో తీసినవి ఒకటిన్నర శ్రుతికీ రెండు శ్రుతికీ మధ్య ఎక్కడో పడుతుంటాయి. మృదంగం ఆ శ్రుతికి ఎక్కాలి కాబట్టి విద్వాంసుడికి వారం ముందే ఆ ఆడియో పంపండి. కుదరకపోతే బలవంతం చేయకండి, రికార్డింగు విడిగా వినిపించండి.

8. టికెట్లు

ప్రతి టికెట్‌కు నంబరు, కౌంటర్‌ఫాయిల్ ఉండాలి. ఏ నంబర్లు ఎవరి చేతికి ఇచ్చారో రాసుకోండి. అమ్ముడుపోనివి కచేరీకి ముందురోజు వెనక్కి తీసుకోండి. సంగీత విద్యార్థులకు కొన్ని ఉచితంగా పక్కన పెట్టండి, అవీ లెక్కలో చూపండి.

9. సౌండ్ చెక్

మధ్యాహ్నం మూడింటికి మొదలుకావాలి, అయిదున్నరకు ముగియాలి. మృదంగం ఎడమవైపు రవ్వ ముద్ద పెట్టాకే చెక్ చేయాలి. పెట్టకముందు విన్న శబ్దానికి, కచేరీలో వచ్చే శబ్దానికి పోలిక ఉండదు. ఏసీలు వేసే చెక్ చేయండి, వాటి హోరు ముందే తెలుస్తుంది. జనరేటర్‌కు మారేటప్పుడు మిక్సర్ ఆగిపోతుందేమో ఒకసారి కరెంటు తీయించి చూడండి.

పోయినవారి రికార్డింగును హాలు స్పీకర్ల మీద చివరిదాకా వినిపించండి. ఫోన్లో హాయిగా ఉన్నది హాల్లో గరగరమంటుంది. ఫైలు ల్యాప్‌టాప్‌లో, పెన్‌డ్రైవ్‌లో రెండుచోట్ల ఉండాలి. యూట్యూబ్ నుంచి నేరుగా వేయకండి, మధ్యలో ప్రకటన వస్తుంది. ఈ చెక్ జరిగేటప్పుడు కుటుంబసభ్యులు హాల్లో లేకుండా చూసుకోండి.

సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవాలంటే ఆఖరి వరుసలో ఒక మూల కూర్చోండి. అక్కడికి సాహిత్యంలో ప్రతి మాటా తెలియాలి, తంబూరా సన్నగా వినిపించాలి.

10. ఆ సాయంత్రం

చికిత్సలో ఉన్నవాళ్లు వస్తారు. కీమో నడుస్తున్నవారికి ఇన్‌ఫెక్షన్లు త్వరగా సోకుతాయి. తలుపు దగ్గర, పక్కన ఖాళీ ఉన్న సీట్లు వాళ్లకు ఉంచండి, మాస్కులు పెట్టండి. అగరొత్తులు, సాంబ్రాణి పొగ వద్దు.

పోయినవారికి వచ్చింది రక్త క్యాన్సరైతే, రక్త మూలకణ దాతల రిజిస్ట్రీ నడిపే దాత్రి లాంటి సంస్థను ముందే పిలిచి లాబీలో ఒక బల్ల పెట్టించండి. బుగ్గ లోపల దూది పుల్లతో రాసి నమూనా తీసుకుంటారు, అంతే. 18 నిండిన యువత కచేరీకి ఎలాగూ వస్తుంది. పేరు నమోదు చేసుకునే ముందు, ఎప్పుడో ఎవరికో కణాలు సరిపోయి పిలుపు వస్తే వెనక్కి తగ్గకూడదని వాళ్లకు వివరంగా చెప్పాలి. మొహమాటానికి రాయించుకున్న పేర్లతో రోగికి ఆశ పుట్టి పోతుంది.

హుండీ పెడితే తాళం వేసి, ఇద్దరి సంతకంతో కాగితం అంటించండి. లెక్కపెట్టేటప్పుడు ముగ్గురుండాలి, అక్కడే మొత్తం రాసి సంతకాలు చేయాలి, ఫొటో తీయాలి.

11. లెక్క అప్పజెప్పడం

పదిహేను రోజుల్లోపు అయిపోవాలి. ఒక పేజీ చాలు: ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయి, ఎన్ని ఉచితం, హుండీలో ఎంత, నేరుగా సంస్థకు ఎంత చేరింది, ఏ ఖర్చు ఎవరు భరించారు, సంస్థకు ఏ తేదీన ఎంత బదిలీ చేశారు. కింద సంస్థ రసీదు ఫొటో. టికెట్ కొన్న ప్రతివారికీ, కళాకారులందరికీ పంపండి. అనుకున్నదానికంటే తక్కువ వచ్చినా ఉన్నదే రాయండి.

లెక్క సరిపోయిందనడానికి గుర్తు: కౌంటర్‌ఫాయిళ్ల మొత్తం, ఖాతాలో పడిన టికెట్ల డబ్బు, పేజీ మీద రాసిన టికెట్ల మొత్తం మూడూ ఒకటే కావాలి. వంద రూపాయలు తేడా వచ్చినా వెతకండి. దొరక్కపోతే "తేడా 100" అని రాయండి.

వీడియోను ముందు కుటుంబానికి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. యూట్యూబ్‌లో పెట్టాలా వద్దా అన్నది వాళ్లు, పాడినవాళ్లు చెప్పాలి. పెడితే సినిమా పాటల మీద హక్కుదారుల క్లెయిములు వస్తాయని ముందే తెలిసి ఉండాలి. వీడియో కింద సంస్థ పేరు, విరాళం ఇచ్చే దారి రాయండి. కచేరీ అయిపోయాక నెలల తర్వాత కూడా కొందరు పంపుతుంటారు. ఆ డబ్బు నేరుగా సంస్థకే వెళ్లేట్టు ఉంటే, మీ ఐదుగురిలో ఎవరికీ దాని భారం ఉండదు.